పేరులో చెరువు, వీధిలో ట్యాంకరు

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి పుల్లలచెరువు మండలంలోని చాలా వీధుల్లో వాకిట్లో ముగ్గు కన్నా ముందు డ్రమ్ము కనిపిస్తుంది. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, మూత ఎగిరిపోకుండా దానిమీద ఒక రాయి, పక్కన వరసగా బిందెలు. ట్యాంకరు హారన్ వినిపించిందంటే పొయ్యి మీద ఏమున్నా సరే, దించేసి బయటికి రావాల్సిందే. పైపు ఒక డ్రమ్ములోంచి ఇంకో డ్రమ్ములోకి మారే క్షణంలో కింద కారే నీళ్లకి కూడా ఎవరో ఒకరు గిన్నె పెట్టి ఉంచుతారు. ఆ గిన్నెడు నీళ్లు బర్రెదూడకి.

ఊరి పేరులో పుల్లలున్నాయి, చెరువుంది. వెనకే నల్లమల ఉంది కాబట్టి పుల్లలకి ఏనాడూ పెద్ద లోటు రాలేదు. ఇప్పుడు గ్యాసు బండ వచ్చి ఆ పని కూడా తగ్గింది. చెరువు సంగతి మాత్రం అంత తేలిగ్గా తెమిలేది కాదు.

ప్రకాశం పేరు చెబితే ఒంగోలు గిత్త గుర్తొస్తుంది, కొత్తపట్నం సముద్రం గుర్తొస్తుంది. పడమటి కొసన పల్నాడు సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఈ మూల చాలామందికి గుర్తు రాదు. తూర్పున వినుకొండ, పడమట ఎర్రగొండపాలెం, దక్షిణాన త్రిపురాంతకం. గుంటూరు–గుంతకల్లు రైలు వినుకొండ, కురిచేడు, దొనకొండల మీదుగా మార్కాపురం రోడ్డుకి పోతుంది. 565 నంబరు జాతీయ రహదారి మాచర్ల నుంచి ఎర్రగొండపాలెం చేరి అటునుంచి మార్కాపురం పడుతుంది. రైలుకీ రహదారికీ మధ్య మిగిలిపోయిన జాగాలో ముటుకుల, మర్రివేముల, శతకోడు, చాపలమడుగు లాంటి ఊళ్లు ఉన్నాయి. చాపలమడుగు! పేర్లు పెట్టినవాళ్ల కాలంలో ఇక్కడ నీళ్లు ఉన్నాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం ప్రాంతం కర్నూలు జిల్లాలోది. అప్పుడు జిల్లా కచేరికి వెళ్లాలంటే నల్లమల దాటాలి. ఆ జిల్లాకి ఇది తూర్పు చివర, ప్రకాశం జిల్లాకి పడమటి చివర. చివర అన్న మాట మాత్రం మారలేదు. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు మార్కాపురం జిల్లా రాలేదని ఇక్కడివాళ్లు రోడ్డెక్కారు. 2025 చివర్లో దానికి ప్రభుత్వ ఆమోదం దొరికింది. మంచిదే. కలెక్టరు కచేరి దగ్గరైతే అర్జీ తొందరగా చేరుతుంది. నీళ్లు చేరడం వేరే లెక్క.

ఆ లెక్కలో ఒక వింత ఉంది. నల్లమల కొండలకి ఆవలి పక్క కృష్ణ పారుతోంది. ఎగువన శ్రీశైలం, నిండితే 215 టీఎంసీలు. దిగువన నాగార్జునసాగర్, నిండితే 312 టీఎంసీలు. రెండు మహా జలాశయాల పక్కన, కొండకి ఈవల, వానకోసం ఆకాశం చూసే పొలాలు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు సీమను తడుపుకుంటూ ప్రకాశంలోకి వచ్చింది కానీ, అది పట్టింది కురిచేడు, దర్శి, అద్దంకి వైపు పల్లం దారి. నీరు పల్లమెరుగు అన్నారు. మెట్ట ఎరిగినవాళ్లు ప్రభుత్వంలో ఉండాలి మరి. దర్శి ప్రాంతపు కాలువ కింద రైతు వరి నారు పోసుకుంటుంటే, ఇక్కడి రైతు ఇంకా దుక్కి మీద నిలబడి మబ్బు చూస్తుంటాడు. దానికి అతని కష్టంలోనో తెలివిలోనో తేడా వెతకనక్కర్లేదు.

కాలువ రాని చోట బోరు దిగింది. బోరు వేసేముందు నీటి జాడ చూసే మనిషి వస్తాడు. కొందరు అరచేతిలో కొబ్బరికాయ నిలబెడతారు, కొందరు వేప పంగలపుల్ల పట్టుకుని చేను అంతా తిరుగుతారు. పుల్ల తిరిగిన చోట సున్నంతో గుర్తు. పుల్లలచెరువులో చెరువు పోయాక పుల్లే దిక్కయిందని నవ్వుకోవచ్చు. కానీ ఆ గుర్తు మీద రాత్రికి రాత్రి బోరు లారీ ఆగుతుంది, గంట గంటకీ రాడ్డులు దిగుతుంటాయి, అడుగుకింత అని బిల్లు పెరుగుతుంటుంది. చుట్టూ నిలబడ్డ ఇంటివాళ్ల మొహాల మీద తెల్లటి రాతిపొడి. పొడి ఆగి బురద చిమ్మితే కేకలు. తెల్లారేదాకా పొడే వస్తే ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలని, బోరుకీ బోరుకీ మధ్య దూరం ఉండాలని ఆ చట్టం చెబుతుంది. చట్టం కాగితం మీద ఉంది, బోరు లారీ పొలంలో ఉంది.

లోతుకి పోయినకొద్దీ నీళ్లలో ఇంకో గొడవ. 1937లో వైద్య పరిశోధకులు మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారిగా లోకానికి చెప్పింది అప్పటి నెల్లూరు జిల్లాలోని ఊళ్ల నుంచే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలవి. అవి ఇప్పుడు ఈ పడమటి ప్రకాశానికి పొరుగూళ్లు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములకి మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగకూడదని ప్రమాణం. బోరు ఎంత లోతుకి వెళ్తే గండశిలలోని ఫ్లోరైడ్ అంత కలిసే ప్రమాదం ఉంది. కనిగిరి పేరు పత్రికల్లో పదేపదే వస్తుంది కాబట్టి సమస్య అక్కడే అనుకుంటారు. ఎర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు కూడా క్యాన్ నీళ్లు కొని తాగే ఇల్లు ఇప్పుడు మామూలు ఇల్లు. కూలి డబ్బుల్లోంచి నీళ్ల డబ్బులు. ఇది ఏ ఇంటి బడ్జెట్టు లెక్కలోకీ ఎక్కని పన్ను.

ఈ నీటి కరువుకి తగిన సేద్యం ఈ నేలకి తెలియంది కాదు. పాతకాలపు మెట్ట సేద్యంలో కొర్ర, సజ్జ, ఆముదం, కంది ఉండేవి. కొర్ర అయిదు సాళ్లు, కంది ఒక సాలు. గొర్రు కట్టి జడ్డిగంలో గింజలు వదులుతూ పోతే పని అయిపోయేది. కొర్ర మూడు నెలల్లోపే ఇంటికొస్తుంది. అది కోశాక కందికి చోటు దొరికి, చలికాలపు మంచుకే పూత పట్టి సంక్రాంతి దాటాక కోతకొస్తుంది. ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. విశ్వవిద్యాలయాలు ఇప్పుడు అంతరపంట అని సిఫారసు చేసేది కూడా దాన్నే. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది. నగరాల్లో కొర్ర బిస్కెట్ల పొట్లాలు వెలిశాయి. ఆ పొట్లం ధరకీ కొర్ర పండించిన కల్లంలో దొరికే ధరకీ మధ్య ఎంతమంది చేతులు మారాయో లెక్క వేస్తే, రైతు కొర్ర ఎందుకు వదిలేశాడో తెలుస్తుంది.

అతను వెళ్లింది పత్తికి, మిరపకి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మెట్ట పొలం రూపే మారింది. అప్పు ఇచ్చే కొట్టువాడు విత్తనమూ మందూ కలిపి ఇస్తాడు, పంట కూడా తనకే వేయమంటాడు. కొర్రకి అప్పు ఇచ్చేవాడు లేడు. ఇది రైతు దురాశ కాదు, అప్పు దారి ఎటుంటే పంట దారి అటే. పది సెంట్లలో బోరు నీళ్లు కాస్త పారితే చాలు, మిగతా చేనంతా మిరప నాటేస్తాడు. కౌలూ నారూ మందులూ కోత కూలీ కలిపితే ఎకరానికి పెట్టుబడి లక్ష దాటుతుంది. పంట వచ్చిందా, గుంటూరు యార్డులో టిక్కీ బస్తాలు దించినప్పుడు మొహం వెలుగుతుంది. రాలేదా, ఆ ఏడు వలస కూలికి మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకోవడమే.

మిరప కథలో ఒక చిన్న పురుగు ఈ మెట్ట పల్లెను ఇండోనేషియాతో కలిపింది. నల్ల తామర పురుగు అని రైతులు పిలిచేది ఆగ్నేయాసియా మిరప తోటల పురుగు. ఇండోనేషియా పల్లెల్లో మిరపని పీడించే పురుగుల్లో అదీ ఒకటి. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనిపించింది. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప చేలను పట్టింది. పువ్వు విప్పి చూస్తే లోపల నల్లగా, ఆవగింజలో సగం కూడా లేనివి, గుంపులుగా కదులుతుంటాయి. పూత రాలిపోతుంది, పిందె నిలవదు. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు, కొట్టినకొద్దీ దాన్ని తినే మేలు చేసే పురుగులు పోయాయి. ఆ శీతాకాలంలో నిలువు చేలను ట్రాక్టరుతో దున్నేసినవాళ్లు ఉన్నారు. జావా దీవిలో మిరప తోట వేసుకునే చిన్న రైతుకీ, శతకోడులో మిరప తోట వేసుకునే చిన్న రైతుకీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఇద్దరి పువ్వులోనూ పురుగు ఒకటే.

పురుగు తగ్గాక ధర ఎక్కింది, ఎక్కిన ధర చూసి అందరూ మిరపే వేశారు. 2025 మొదట్లో అదే ధర కూలింది. అంతకు రెండేళ్ల కిందట క్వింటా ఇరవై వేలు దాటిన సరుకుకి సగం రావడం కష్టమైంది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటించింది. అయితే కల్లంలో ఎండబెట్టిన కాయకి తాలు తీయాలి, టిక్కీకి ఎత్తాలి, లారీకి ఎక్కించాలి, గుంటూరు చేరాలి. అంతా అయ్యాక వచ్చే ధరలోంచి ఈ ఖర్చులన్నీ తీసేస్తేనే రైతు ధర. ఆ లెక్క ఢిల్లీ ప్రకటనలో ఉండదు.

ఇండోనేషియా మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. బాలి దీవిలో సుబక్ అనే నీటి సంఘాలు ఉన్నాయి. వెయ్యేళ్లకు పైబడిన ఏర్పాటు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు, ఎవరు కాలువ పూడిక తీయాలి, ఎప్పుడు అందరూ ఒకేసారి బీడు ఉంచాలి, అన్నీ రైతులే గుడి దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఇది చదివి మనకి అలాంటిది లేదని బాధపడాల్సిన పనిలేదు. మనకి నీరుగంటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపో చూడటం అతని పని, కల్లంలో గింజలు అతని జీతం. కంభం చెరువు ఈ పడమటి ప్రకాశంలోదే. విజయనగర కాలంలో గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేసి కట్టిన ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. కొండల మధ్య చిన్న కట్టతో పెద్ద నీరు నిలబెట్టడం ఇక్కడివాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, ఎన్నికలూ జరిగాయి. సంఘం వచ్చింది, నీరుగంటి పోయాడు. ఒకచోట పూడిక తీత పేరుతో మట్టి లారీలకెక్కి ఇటుక బట్టీకి పోయింది, ఇంకోచోట చెరువులోకి నీరు తెచ్చే వాగు కాలువ ఎవరో కలుపుకుని దున్నేశారు. కట్ట నిలబడే ఉంటుంది, అలుగు నిలబడే ఉంటుంది, రెండు వానలు గట్టిగా పడ్డా చెరువులోకి నీళ్లు రావు. చెరువుకి కట్ట కాదు ప్రాణం, వాగు.

చెంచులకి వాగు నీటి సంగతి పుస్తకం లేకుండానే తెలుసు. ఈ మండలాల అడవి అంచున వారి గూడేలున్నాయి. అడవి అంతా నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. తేనె, కుంకుడుకాయలతోపాటు వాళ్లు ఏరుకొచ్చే వాటిలో చిల్ల గింజలు ఒకటి. బురద నీళ్ల కుండలో చిల్ల గింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగి పైన తేట నీరు మిగులుతుంది. గూడెంలో వాగు చెలమ నీటికి అదే ఫిల్టరు. మైదానంలో ప్లాంటు నీళ్లు క్యాన్‌లో కొనుక్కునేవాళ్లు చిల్ల గింజను గిరిజన సహకార సంస్థకి అమ్మే సరుకుగా తప్ప చూడరు.

ఊరు సగం ఖాళీ అయ్యే నెలలు ఉన్నాయి. మిరప కోతకి గుంటూరు, పల్నాడు వైపు, భవనాల పనికి హైదరాబాదు, బెంగళూరు వైపు. సుగాలి తండాల్లో ఈ వలస ఇంకా ఎక్కువ. డిసెంబరు తర్వాత ఇళ్లకి తాళాలు, అరుగు మీద ముసలివాళ్లు, వాళ్ల దగ్గర చిన్నపిల్లలు. వలస వెళ్లినవారి పిల్లలకి సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. పిల్లవాడికి అన్నం దొరుకుతుంది, అమ్మ దొరకదు. వలస వెళ్లినవాళ్లు తిరిగొచ్చేది ఊరి దేవర కొలుపుకో పెళ్లికో. వచ్చి పది రోజులుంటారు, అప్పు కొంత కట్టి మళ్లీ పోతారు. వీళ్లలో చాలామంది కౌలు రైతులు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డు ఇస్తానంది కానీ భూమి యజమాని సంతకం లేకుండా ఆ కార్డు రాదు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. సంతకం లేక అప్పు, బీమా, నష్టపరిహారం మూడూ పోతాయని కౌలుదారు భయం. చట్టం ఇద్దరి భయాల మధ్య నలిగి కూర్చుంది.

ఎవరిని అడిగినా చివరికి మాట ఒక్క చోటికే వస్తుంది. వెలిగొండ.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. పేరులోని పూల సుబ్బయ్య ఈ నేల కమ్యూనిస్టు నాయకుడు, కృష్ణ నీళ్లను కొండ తొలిచి ఇటు తేవచ్చని పట్టు పట్టిన మనిషి. 1996లో శంకుస్థాపన జరిగింది, 2004 తర్వాత పనులు మొదలయ్యాయి. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కడుపులో దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. ఒకటి 3,000 క్యూసెక్కులకి, రెండోది 8,500 క్యూసెక్కులకి. ఇవతల సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులకి అడ్డుకట్టలు వేసి 53.85 టీఎంసీల నల్లమల సాగర్. లక్ష్యం 4.47 లక్షల ఎకరాలు, 15.25 లక్షల మందికి తాగునీరు. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో అయింది, రెండోది 2024 జనవరిలో. అదే ఏడు మార్చి 6న అప్పటి ముఖ్యమంత్రి ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. సొరంగాలు అంకితమయ్యాయి. ముంపు పదకొండు ఊళ్లవాళ్ల పునరావాసం, ఫీడరు కాలువ పనులు, పొలానికి నీళ్లు మోసే కాలువలు ఆ రోజుకి పూర్తి కాలేదు. అప్పటికి 28 ఏళ్లయిన ప్రాజెక్టుకి పాలించిన పార్టీలన్నీ బాకా ఊదుకున్నాయి, అన్నింటికీ అందులో వాటా ఉంది, ఆలస్యంలో కూడా.

వెలిగొండ వద్దనే మాట ఎవరి నోటా రాకూడదు. ఈ ప్రాంతానికి అది కావాలి, త్వరగా కావాలి. అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, 'వెలిగొండ నీళ్లొస్తే' అన్న మాట మీద మిగతా పనులన్నీ వాయిదా పడ్డాయి. చెరువు వాగు బాగు చేయమంటే వెలిగొండ వస్తుందిగా అన్నారు. తాగునీటి పథకం అడిగితే వెలిగొండ వస్తుందిగా అన్నారు. సొరంగం ఎంత పెద్దదైనా ప్రతి మెట్ట చేనుకీ కాలువ వెళ్లదు. తీగలేరు కాలువ ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు కొంత తడుపుతుంది. పుల్లలచెరువు మండలంలో ఎగువన ఉన్న పొలాలకి సొంత వాన, సొంత చెరువు తప్ప వేరే దారి లేదు. ఆ వాన అంతా పోగేసుకోవాలంటే జూన్ లోపే వాగు కాలువలు తెరవాలి. ఆక్రమణ తొలగించాలి, పూడిక మట్టిని చెరువు కింది రైతు పొలానికే తోలాలి. కందిని ఊళ్లోనే కొనాలి. 2025–26కి కంది మద్దతు ధర క్వింటా 8,000 రూపాయలు. కొనే కేంద్రం కల్లానికి దగ్గరలో ఉంటేనే ఆ ధర పనికొస్తుంది, లేకపోతే దళారి తూకమే తూకం.

కొత్త జిల్లాకి వచ్చే కలెక్టరు ఎవరైనా సరే, తొలి వేసవిలో ఒక్క పని చేయాలి. పుల్లలచెరువు మండలంలో ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో మూడు సంగతులు రాయించాలి. ఈ ఊరికి వెలిగొండ కింద ఎన్ని ఎకరాలు, ఈ ఊరి చెరువు కింద ఎన్ని ఎకరాలు, తాగడానికి మనిషికి రోజుకి ఎన్ని లీటర్లు. కింద తారీఖు వేసి సంతకం పెట్టాలి.